స్పీడ్ పెంచకండి, ముందు మాటలు తగ్గించండి

ప్రశ్న: విశాఖపట్నంలో మేం ముగ్గురం కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నాం. తమ్ముడు గిటార్, వాడి ఫ్రెండ్ బేస్, నేను డ్రమ్స్. పాడేది తమ్ముడూ నేనూ. అమెరికా బ్యాండ్ ‘లో’ మొదటి ఆల్బమ్ విన్నప్పటి నుంచి అలా నెమ్మదిగా, తక్కువ సౌండ్‌తో పాడాలని పట్టుదల వచ్చింది. తెలుగులోనే ఆరు పాటలు చేసుకున్నాం. ఒక కెఫేలో వాయిస్తే జనం కబుర్లు ఆపలేదు. సౌండ్ చూసే అతను ‘కొంచెం స్పీడ్ పెంచండి మేడమ్, నిద్రొస్తోంది’ అన్నాడు. ఇంట్లో నాన్న ‘చావింట్లో కూర్చున్నట్టుంది’ అంటున్నారు. పైగా, నెమ్మదిగా మొదలుపెట్టిన పాట చివరికొచ్చేసరికి మాకు తెలియకుండానే పరుగెడుతోంది. నా దగ్గర ఒక స్నేర్, ఒక ఫ్లోర్ టామ్, ఒక సింబల్ మాత్రమే ఉన్నాయి. పూర్తి డ్రమ్ సెట్ కొనాల్సిందేనని తమ్ముడి గొడవ. రెండు నెలల్లో మొదటి ఆల్బమ్ రికార్డ్ చేద్దామనుకుంటున్నాం. స్పీడ్ పెంచాలా? సెట్ కొనాలా? ఆరు పాటల ఫోన్ రికార్డింగ్ పంపుతున్నాను, విని చెప్పండి. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: స్పీడ్ పెంచకండి. డ్రమ్ సెట్ కొనకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, మీ ఇంట్లో వాదన ఈ పూటకైనా ఆగుతుందని. కానీ కెఫేలో ఆ సౌండ్ అతను అన్న మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. అతనికి ఏదో ఇబ్బందిగా అనిపించిన మాట నిజం. ఎందుకో చెప్పడం రాక స్పీడ్ మీదకు తోశాడు. మీ పాటలు విన్నాక నాకు అర్థమైంది ఇది: పాట నెమ్మదిగానే ఉంది, దాని లోపల సామాను మాత్రం ఫాస్ట్ పాటకు సరిపడేంత ఉంది.

మీ మూడో పాట తీసుకుందాం. పల్లవి, నాలుగు చరణాలు. ప్రతి లైను అయిపోగానే తమ్ముడు గిటార్ మీద చిన్న పరుగు తీస్తాడు. ఆ పరుగు అవగానే మీరు టామ్ మీద రెండు దెబ్బలు వేస్తారు. మళ్లీ లైను. ఎక్కడా ఊపిరి పీల్చుకునే సందు లేదు. వినేవాళ్లకు ఇది నెమ్మదిగా ఉన్న పాటలా వినిపించదు, మామూలు పాటను ఎవరో వెనక్కి లాగుతున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే, కాస్త ముందుకు తోస్తే బాగుండునని.

ఇప్పుడు మీరు ప్రాణంగా వింటున్న ఆ ఆల్బమ్ దగ్గరికే వెళ్దాం. ఇది నాకూ చాలా ఇష్టమైన రికార్డు. అందులో ఉన్న పనితనం గురించి జనం తక్కువ మాట్లాడతారు, దాని దిగులు గురించే ఎక్కువ మాట్లాడతారు. మీకు పనికొచ్చేది మాత్రం పనితనమే.

‘లో’ 1993లో మొదలైంది. ఊరు మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్. సుపీరియర్ సరస్సు పడమటి కొసన ఉంటుంది, చలికాలం దారుణంగా ఉండే చోటు. గిటార్ వాయించే అలన్ స్పార్‌హాక్, డ్రమ్స్ వాయించే మిమీ పార్కర్ భార్యాభర్తలు. క్లియర్‌బ్రూక్ అనే చిన్న ఊళ్లో ప్రైమరీ స్కూల్ రోజుల నుంచీ ఒకరికొకరు తెలుసు. బేస్ మీద జాన్ నికోల్స్. అప్పుడు అమెరికా అంతా గ్రంజ్ అనే గట్టి రాక్ సంగీతం హోరు. ప్రతి చిన్న ఊళ్లోనూ కుర్రాళ్లు ఆంప్‌లు (గిటార్ సౌండ్ పెంచే పెట్టెలు) చివరిదాకా తిప్పి వాయిస్తున్నారు. అలాంటి జనం ముందు బాగా నెమ్మదిగా, బాగా చిన్నగా వాయిస్తే ఏమవుతుంది అని స్పార్‌హాక్ వాళ్లు నవ్వుకుంటూ అనుకున్న మాటే ఈ బ్యాండ్‌కి మొదలు. నవ్వులాటగా మొదలైంది కాస్తా కొద్ది రోజుల్లోనే వాళ్లకు అసలు దారి అయిపోయింది.

మొదటి ఆల్బమ్ ‘ఐ కుడ్ లివ్ ఇన్ హోప్’ 1994 ఫిబ్రవరిలో వచ్చింది. వర్జిన్ కంపెనీ కింద ఉన్న వెర్నన్ యార్డ్ అనే లేబుల్ దాన్ని విడుదల చేసింది. ప్రొడ్యూసర్ క్రామర్. అంతకుముందు ‘గెలాక్సీ 500’ రికార్డులకు పని చేసినాయన, అంటే చిన్నగా వాయించే వాళ్లను ఎలా పట్టుకోవాలో తెలిసినాయన. మొత్తం 11 పాటలు. ప్రతి పాటకూ ఒకే మాట పేరు: ‘వర్డ్స్’, ‘ఫియర్’, ‘కట్’, ‘స్లైడ్’, ‘లేజీ’ ఇలా. పేర్లలో ఉన్న ఆ పొదుపు పాటల లోపల కూడా ఉంటుంది.

‘లలబై’ మీరు చాలాసార్లు వినే ఉంటారు. ఈసారి కాగితం, పెన్ను పెట్టుకుని వినండి. దాదాపు పది నిమిషాల పాట. అందులో మిమీ పాడే లైన్లు రాసుకోండి. ఒక చిన్న చీటీ మీద పట్టేస్తాయి. పాట సగానికి రాకముందే పాడటం అయిపోతుంది. మిగతాదంతా వాయిద్యమే. అక్కడ ఏం జరుగుతోందో గమనించండి. గిటార్ మీటు మెల్లగా దట్టమవుతూ వస్తుంది, సౌండ్ పెరుగుతుంది, ఒళ్లు జలదరించే చోటు ఒకటి వస్తుంది. కానీ కింద బీట్ మాత్రం ఉన్న చోటే ఉంటుంది. ఉద్వేగం పెరిగినప్పుడు కాలం, అంటే పాట నడిచే వేగం, పెరగకుండా పట్టుకోవడం, మీరు నేర్చుకోవాల్సింది సరిగ్గా ఇదే. మీ పాటలు చివర్లో పరుగెత్తేది కూడా ఇక్కడే. తమ్ముడు గొంతు పెంచగానే మీ చెయ్యి తొందరపడుతోంది. నాలుగో పాటలో మూడో చరణం మొదట్లో సింబల్ దెబ్బ అందరికన్నా ముందే పడింది, మీరే విని చూడండి.

ఇది మీ ఒక్కరి సమస్య అనుకోకండి. లెక్క చూస్తే తెలుస్తుంది. నిమిషానికి 120 బీట్‌లు ఉన్న పాటలో బీట్‌కీ బీట్‌కీ మధ్య అర సెకను. 48 ఉన్న పాటలో సెకనుంబావు. అర సెకను ఎంతో మన ఒంటికి ఇట్టే తెలిసిపోతుంది, నడకలోనే ఉంది అది. సెకనుంబావు అలా తెలియదు. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి చెయ్యి భయపడి ముందే దిగిపోతుంది. పది బీట్‌లకు ఒక్కోసారి ఒక్క పిసరు ముందు దిగినా నాలుగు నిమిషాలకు పాట ఎక్కడికో పోతుంది.

దీనికి మందు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు చౌక కాలంలో, అంటే బాగా నిదానంగా, పాడేటప్పుడు తాళం దెబ్బల మధ్య ఖాళీని వదిలెయ్యరు. ఒక్కో దెబ్బను రెండేసి వేసుకుంటారు, లోపల అక్షరాలు లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. బయటికి వినిపించేది నిదానం, లోపల నడిచేది గట్టి లెక్క. మీరు కూడా 48 బీట్‌ల పాటను 48గా లెక్కపెట్టకండి. ప్రతి బీట్‌లో నాలుగు అక్షరాలు ‘తకధిమి’ అని పెదాలతోనే చెప్పుకోండి. ముగ్గురూ చెప్పుకోవాలి, డ్రమ్స్ వాయించేవాళ్ల పని మాత్రమే అనుకుంటే కుదరదు.

ప్రాక్టీస్‌కి ఒక పద్ధతి చెబుతాను. ఫోన్‌లో బీట్‌కో క్లిక్ మోగించే మెట్రోనోమ్ యాప్ ఉంటుంది కదా, కొన్నిటిలో క్లిక్ కొన్ని బార్‌లు (బార్ అంటే ఒక తాళం చుట్టు) మోగి, కొన్ని బార్‌లు ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. రెండు బార్‌లు క్లిక్, రెండు బార్‌లు నిశ్శబ్దం. మళ్లీ క్లిక్ వచ్చినప్పుడు మీ దెబ్బ దానితో కలిసిందా లేదా చూసుకోండి. మొదట్లో కలవదు, టెన్షన్ పడకండి. కలుస్తున్న కొద్దీ నిశ్శబ్దాన్ని నాలుగు బార్‌లకు, ఎనిమిది బార్‌లకు పెంచండి. పాట వాయించాల్సిన పనిలేదు, స్నేర్ మీద ఒట్టి బీట్ చాలు. తర్వాత బేస్ అబ్బాయిని కూర్చోబెట్టుకుని ఇద్దరే చేయండి. గిటార్ చివర్లో రావాలి. ‘వర్డ్స్’ వింటే తెలుస్తుంది, ఆ పాటను మోసేది బేస్. గిటార్ తీగలు విడివిడిగా పడుతుంటాయి, బేస్ ఒక్కటే నేల మీద కాలు పెట్టి నడుస్తుంటుంది. మీ బేస్ అబ్బాయి ప్రస్తుతం గిటార్ వెనకాలే తిరుగుతున్నాడు. అది మారితే సగం పరుగు దానంతట అదే ఆగుతుంది.

డ్రమ్ సెట్ విషయం. మీ దగ్గరున్న మూడు ముక్కలను చూసి చిన్నబుచ్చుకోకండి అమ్మా. మిమీ పార్కర్ దగ్గర కూడా దాదాపు అంతే సామాను. నిలబడి వాయించేది. ఒకటో రెండో డ్రమ్ములు, సింబల్, చేతిలో ఎక్కువగా బ్రష్‌లు. కాలితో తొక్కే కిక్ డ్రమ్ లేదు, లైన్ల మధ్య ఖాళీ నింపే ఫిల్స్ ఎడాపెడా లేవు. దీనివల్ల ఒక పెద్ద ఉపయోగం ఉంది. వాయించే మనిషే పాడాలి. నాలుగు కాళ్లూ చేతులూ నాలుగు వైపులా తిరుగుతుంటే గొంతు మీద దృష్టి నిలవదు. ఆవిడ గొంతు అంత నిబ్బరంగా నిలబడటానికి చేతుల్లో ఆ తక్కువ పని కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. 2022 నవంబర్ 5న అండాశయ క్యాన్సర్‌తో ఆవిడ చనిపోయింది. మూడు దశాబ్దాలకు దగ్గరగా నడిచిన బ్యాండ్ దాంతో ముగిసింది. అంతకాలమూ ఆవిడ డ్రమ్స్‌ తక్కువగా ఉండటాన్ని ఎవరూ లోటుగా చూడలేదు, ఆ బ్యాండ్ గుర్తుగానే చూశారు.

తమ్ముడి చేతిలో డబ్బు ఆగనంటోంది అంటే ఒక పని చేయండి. మంచి సింబల్ ఒకటి, వైర్ బ్రష్‌ల జత ఒకటి కొనుక్కోండి. సింబల్ కొనేటప్పుడు గట్టిగా కొట్టి చూడకండి. షాపులో అందరూ చేసేది అదే. బ్రష్‌తో మెల్లగా తాకి, ఆ మోత పూర్తిగా ఆగిపోయేదాకా చెవి దగ్గర పెట్టుకుని వినండి. నెమ్మది పాటలో మీరు వాయించేది ఆ తోకనే. తోక చివర్లో గరగరమంటే, రేకులా చప్పుడు చేస్తే వద్దు. మెత్తగా సన్నబడుతూ పోవాలి. మీ రికార్డింగ్‌లో వినిపిస్తున్న సింబల్ తొందరగా చచ్చిపోతోంది. దాని తర్వాత మిగిలిన ఖాళీకి కంగారుపడే మీరు టామ్ మీద ఆ రెండు దెబ్బలు వేస్తున్నారని నా అనుమానం.

ఇక పాడటం. ఇక్కడ తెలుగులో పాడేవాళ్లకు ఒక వరం ఉంది, ఒక ప్రమాదం ఉంది. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. లైను చివర ఎంతసేపైనా సాగదీయొచ్చు, గొంతు ఎక్కడా తట్టుకోదు. ఇంగ్లిష్‌లో పాడేవాళ్లకు ఆ సుఖం లేదు, చివర్లో హల్లు వచ్చి తలుపు వేసేస్తుంది. ఆ హల్లును ఇద్దరూ ఎప్పుడు పలకాలో ముందే ఒప్పందం ఉండాలి. స్పార్‌హాక్, పార్కర్ ఇద్దరూ కలిసి పాడేచోట వినండి, మాట ఆగడం కూడా కలిసే ఆగుతుంది. మన ప్రమాదం ఏంటంటే, అచ్చు దొరికింది కదా అని దాన్ని ఊపేస్తాం. మీరు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నట్టున్నారు, గమకం గొంతులోనే ఉంది, దాచినా దాగదు. అది గొప్ప ఆస్తి. కానీ తమ్ముడికి అది లేదు. వాడు నిలువుగా పట్టిన స్వరం పక్కన మీది ఊగుతుంటే రెండు గొంతులు కలవడం లేదు. కలిసి పాడే లైన్లలో మాత్రం స్వరాన్ని తిన్నగా, ఊపకుండా పట్టుకోండి. ఒంటరిగా పాడే లైన్లలో మీ ఇష్టం. ఐదో పాట పల్లవిలో రెండోసారి మీరు తెలియకుండానే అలా పట్టారు. ఆ ఒక్క చోట రెండు గొంతులూ ఒకే మనిషివి అన్నట్టు వినిపించాయి. అక్కాతమ్ముళ్ల గొంతుల్లో ఆ పోలిక పుట్టుకతో వస్తుంది, దాన్ని వాడుకోండి.

నాన్నగారి మాటకు వస్తాను. ఆయన్ని తప్పు పట్టను. నెమ్మదిగా పాడితే ఏడుపు అని మన సినిమా పాటలు చాలామందికి అలవాటు చేశాయి. ఆయనతో వాదించకండి, క్షేత్రయ్య పదం ఒకటి వినిపించండి. కర్ణాటక గాయనులు బృంద, ముక్త అనే అక్కాచెల్లెళ్లు పాడినవి దొరుకుతాయి. వీణ ధనమ్మాళ్ మనవరాళ్లు, పదాలకు ఆ ఇల్లు పెట్టింది పేరు. మన కృష్ణా జిల్లా మువ్వ గోపాలుడి మీద 17వ శతాబ్దంలో రాసిన పాటలవి. అంత నిదానంగా పాడే పాటలు తెలుగులో మరి లేవేమో. కానీ అందులో చావు లేదు. ఒక ఆడమనిషి అలక, ఎత్తిపొడుపు, కోరిక, స్నేహితురాలితో చెప్పుకునే రహస్యం ఉన్నాయి. ఒక్క మాటను పట్టుకుని ఇటూ అటూ తిప్పి పాడటానికి సమయం కావాలి కాబట్టి అవి నెమ్మదిగా ఉన్నాయి. మీ పాటల్లో ఏ మాటకు అంత సమయం కావాలో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ మాట దొరకని పాట నెమ్మదిగా ఉండాల్సిన అవసరం లేదు.

‘లో’ మొదటి ఆల్బమ్ చివర్లో కూడా ఇలాంటి పనే ఉంది. పదో పాట ‘రోప్’, వినడానికే బరువు. దాని తర్వాత ‘సన్‌షైన్’ అని ఒక పాత పాట ఎత్తుకున్నారు. 1940లో జిమ్మీ డేవిస్ పాడాక అమెరికాలో పిల్లాపాపల దాకా అందరికీ నోటికొచ్చిన పాట. అందరూ పల్లవి మాత్రమే హుషారుగా పాడుకుంటారు. చరణాల్లో ఉన్నది కలలో దగ్గరున్న మనిషి మెలకువ వచ్చేసరికి లేకపోవడం. హుషారుగా పాడినన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. వీళ్లు కాలం తగ్గించగానే పాటలో ఎప్పటి నుంచో ఉన్న దిగులు పైకి తేలింది. కొత్తగా ఏమీ కలపలేదు. నెమ్మదితనం అక్కడ అలంకారంగా రాలేదు, పాట అడిగింది కాబట్టి వచ్చింది.

అందుకే ఆరు పాటలనూ ఒకే కాలంలో కట్టాలని పంతం పెట్టుకోవద్దు. ఇలాంటి నెమ్మది సంగీతానికి జనం పెట్టిన స్లోకోర్ అనే పేరంటే ‘లో’ బ్యాండ్‌కే ఇష్టం ఉండేది కాదు. తర్వాతి రికార్డుల్లో సౌండ్ పెంచారు, గిటార్లు గర్జించాయి. 2018లో వచ్చిన ‘డబుల్ నెగటివ్’లో అయితే పాటలనే చీల్చి, గరగరల్లో ముంచి వదిలారు. మొదటి ఆల్బమ్‌లో కూడా రెండో పాట ‘ఫియర్’ రెండు నిమిషాల చిలుకులో అయిపోతుంది. మొదటి పాట పొడుగు, దాని వెనకే చిన్నది. వినేవాళ్లకు అక్కడ ఒక ఊపిరి దొరుకుతుంది, ఆ తర్వాత ఎంత పొడుగు పాట వచ్చినా కూర్చుంటారు. మీ వరుసలో మొదటి మూడూ ఆరేసి నిమిషాలు. మీ రెండో పాటలో చివరి చరణం తీసేస్తే అది బాగా కురచవుతుంది, ఆ పాటకు నష్టం కూడా లేదు.

కెఫేలో జనం మాట్లాడుతుంటే ఏం చేయాలి? ‘లో’ మొదటి రోజుల్లో గోల చేసే జనం ఎదురైతే వాల్యూమ్ ఇంకా తగ్గించేవాళ్లు. వినగానే మొండితనంలా ఉంటుంది కానీ అందులో తెలివి ఉంది. మీరు సౌండ్ పెంచితే వాళ్లు గొంతు పెంచుతారు, అది అంతు లేని పోటీ. మీరు తగ్గిస్తే ముందు వరుస వాళ్లకు వాళ్ల గొంతు వాళ్లకే వినిపించి ఇబ్బందిపడతారు. అయితే దీనికి గుండె ధైర్యం కావాలి, ముగ్గురూ ఒకేసారి తగ్గించడం సాధన చేసి ఉండాలి. ఒక్కరు తగ్గించి ఇద్దరు తగ్గించకపోతే అసలుకే మోసం వస్తుంది. ఇంకో మాట, చోటు చూసుకోండి. కాఫీ మెషీన్ పక్కన ఏ నెమ్మది పాటా బతకదు. ఇరవై మంది కింద కూర్చుని వినే గది దొరికితే, స్నేహితుల ఇంటి హాల్ అయినా సరే, అది ఆ కెఫే కన్నా మేలు.

రికార్డింగ్‌కి మాత్రం నాది గట్టి సలహా. విడివిడిగా ఎవరి ట్రాక్ వాళ్లు చేసి అతికించకండి. ముగ్గురూ ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా నిలబడి, మొదటి నుంచి చివరిదాకా వాయించండి. సెకనుంబావు ఖాళీని ముగ్గురూ కలిసి దాటాలంటే భుజం కదలిక కనిపించాలి. రీవర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు వచ్చే ప్రతిధ్వని) చివర్లో కలుపుకుందాంలే అని స్టూడియో వాళ్లు అంటారు. ఒప్పుకోకండి, వాయించేటప్పుడే హెడ్‌ఫోన్‌లో రీవర్బ్ పెట్టించుకోండి. క్రామర్ చేసిన ఆ రికార్డులో గొంతుల చుట్టూ, గిటార్ చుట్టూ ఉన్న విశాలమంతా దాని వల్లే కదా. ఆ తోక చెవిలో వినిపిస్తుంటే తర్వాతి దెబ్బ కోసం ఆగడం సులువవుతుంది, తమ్ముడు కూడా లైను చివర పరుగులు తీయడం తనంతట తానే మానేస్తాడు. పొడిగా వినిపిస్తే ఎవరికైనా ఖాళీ నింపాలనిపిస్తుంది.

ఇంట్లోనే చేస్తే ఫ్యాన్, ఏసీ, పక్క గదిలో ఫ్రిజ్, అన్నీ ఆపండి. పెద్ద సౌండ్ పాటల్లో ఇవి మునిగిపోతాయి, మీ పాటల్లో మునగవు. మీరు పంపిన ఒకటో పాటలో కుర్చీ కిర్రుమనడం, గిటార్ ఆంప్ నుంచి సన్నటి గుయ్యిమనే మోత రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఆంప్‌ని వేరే ప్లగ్‌లో పెట్టి చూడండి, తగ్గకపోతే గిటార్ కేబుల్ మార్చండి. బ్రష్ సౌండ్‌కి మైక్ బాగా దగ్గరగా ఉండాలి. గొంతుకీ అంతే, చిన్నగా పాడుతూ మైక్ దూరంగా పెట్టుకుంటే గది చప్పుడే పడుతుంది. ఒక్కో పాటకు మూడు టేకులు దాటనివ్వకండి. నాలుగోసారికి విసుగొచ్చి స్పీడ్ పెరుగుతుంది.

చివరగా రెండు నెలల గడువు. ఆరు పాటలకు చాలదు, నాలుగింటికి చాలుతుంది. ఒకటి, రెండు, ఐదు, ఆరు తీసుకోండి. ఐదుతో మొదలుపెట్టండి, ఆ పల్లవి ఆల్బమ్‌ని నిలబెడుతుంది. దాని వెనక కుదించిన రెండో పాట. నాలుగో పాటను పక్కన పెట్టండి, ఆ పరుగు ముందు తగ్గాలి. మూడో పాటలో నాలుగు చరణాల్లో ఏ రెండు ఉంచాలో తమ్ముడూ మీరూ విడివిడిగా చీటీ మీద రాసుకుని, అప్పుడు ఒకరివి ఒకరు చూసుకోండి. ఇద్దరివీ ఒకటే అయితే ఆ రెంటితో మళ్లీ వాయించి నాకు పంపండి.